వాయిదా

జైలు ముందు రోడ్డు దాటితే మా కొట్టు.
బోమాంట్‌లో అన్నీ మూతపడ్డాక వెలిగేవి రెండే:
రిఫైనరీ మంట,
మా కిటికీలో "బెయిల్" అని మెరిసే ఎర్ర గొట్టాలు.
రాత్రి బల్ల నాది. పదకొండేళ్లుగా.

ఎర్లీన్ గిల్లరీ వచ్చేసరికి రెండు దాటింది.
లాండ్రీ కొట్టు యూనిఫాం, జేబంచుకి సబ్బుపొడి.
"మా తమ్ముణ్ణి పట్టుకెళ్లారు" అంది.
పెదనాన్న కొడుకు ట్రక్కు తోలాడట,
అడిగే తీసుకున్నాడట,
ఆ అన్న ఇప్పుడు అడగలేదంటున్నాడట.
తలూపాను.
ఈ బల్ల దగ్గర నిజం అడగం.
పుట్టిన తేదీ అడుగుతాం.

మేజిస్ట్రేటు తెరమీద కనిపించింది రెండు నిమిషాలు.
ఐదు వేలు అంది, ఇంకో పేరు పిలిచింది.

ఆ ఐదు వేలూ నువ్వే కోర్టులో కడితే
పిలిచినప్పుడల్లా లావాన్ వెళ్లి నిలబడితే
చివర్లో నీ డబ్బు నీకొస్తుంది.
అంత లేనివాళ్ల కోసం మేమున్నాం.
పదో వంతు మా చేతిలో పెట్టు,
మొత్తానికి మేం పూచీ పడతాం.
ఆ పదో వంతు మాత్రం మాది.

"వాడే తప్పూ చెయ్యలేదని తేలితే?"
"రాదు."
"అసలు కేసే కొట్టేస్తే?"
"రాదమ్మా."
ఈ ఒక్క మాట మెత్తగా అనడానికి
నాకు రెండేళ్లు పట్టింది.
నా జీతం అందులోంచే వస్తుంది, దాచేదేముంది.

సోమవారం పొద్దున్న ఆరింటికి
రేవులో లావాన్‌కి కొత్త పని, మూడో రోజు.
లోపలుంటే పని పోతుంది,
పని పోతే గది పోతుంది.
ఎర్లీన్ ఇదంతా చెప్పలేదు,
కాఫీ డబ్బా బోర్లించింది.
నూట ఎనభై ఆరు, చిల్లరతో కలిపి.
మిగతాది వారానికి పది, శుక్రవారం శుక్రవారం.
తాకట్టుకి పాత బ్యూక్ కారు కాగితం.

చదివి వినిపించాను:
సోమవారం సోమవారం వాడు ఫోను చెయ్యాలి.
కౌంటీ దాటకూడదు.
ఇల్లు మారితే చెప్పాలి.
కోర్టుకి రాకపోతే మేం వెతుకుతాం,
దొరక్కపోతే ఐదు వేలూ నీ నెత్తిన.
గొలుసు కట్టిన పెన్నుతో సంతకం పెట్టింది.
పూచిక పుల్లంత సంతకం
పూచీకత్తు కింద.

ఐదున్నరకి వదిలారు వాణ్ణి.
చేతిలో ప్లాస్టిక్ సంచి: బెల్టు, బూట్ల తాళ్లు, చచ్చిన ఫోను.
రోడ్డు మీద ఒక్క బండి లేదు.
అయినా అవతలి గట్టున నిలబడ్డాడు,
నడిచే మనిషి బొమ్మ వెలిగేదాకా.

తర్వాత వాయిదాలు.
మార్చిలో లాయరు రాలేదు.
ఏప్రిల్లో ఫైలు కనపడలేదు.
మే నెలలో ఆ అన్న రాలేదు,
జూన్‌లోనూ రాలేదు.
లావాన్ మాత్రం ప్రతిసారీ వెళ్లాడు,
మెడ దగ్గర బిగుతైన అదే అరువు చొక్కా.
జూలైలో కేసు కొట్టేశారు.
క్షమించమని ఎవరూ అనలేదు,
అనాలని ఏ కాగితంలోనూ లేదు.

కోర్టు వాయిదాలు అయిపోయాయి.
మా వాయిదాలు ఇంకా పన్నెండు.

వచ్చింది. ప్రతి శుక్రవారం.
నలిగిన పది నోటు, సబ్బు వాసన.
ఒకసారి ఐదూ ఐదు ఒకట్లూ.
ఒకసారి తుపాను హెచ్చరిక ఉంది, అయినా వచ్చింది.
మా ఓనరుతో అన్నాను,
కేసే లేదుగా, ఇక వదిలేద్దామని.
ఆయన నా వంక చూసి
కాఫీలో చక్కెర కలుపుకున్నాడు.

చివరి శుక్రవారం కట్టాల్సింది నాలుగు డాలర్లు.
లెక్కపెట్టి బల్లమీద పరిచింది.
బ్యూక్ కాగితం తిరిగిచ్చాను.
రెండువైపులా తిప్పి చూసింది,
వెనకాల ఏమైనా రాశామేమోనని.
బల్లమీద పిప్పరమెంట్ల గిన్నె చూపించి
"ఇందులో కూడా పదో వంతేనా?" అంది.
నేను నవ్వాను. తను నవ్వలేదు.
రెండు తీసుకుని వెళ్లింది.

తలుపు గంట ఇంకా ఊగుతుండగానే ఫోను మోగింది.
ఎవరో ముసలాయన, గొంతు వణుకుతోంది,
కొడుకంటున్నాడు, కాదు మనవడంటున్నాడు,
ఎక్కడినుంచో మొదలుపెట్టి ఎక్కడికో పోతున్నాడు.
ఆపాను.
పుట్టిన తేదీ అడిగాను.