చల్లారే లోపు

ఎడువినా కోల్కే కొత్త గుడ్డ తీసి
గొట్టం మొహం తుడిచింది.
"ఇక వేలు పెట్టకు" అంది.
పెట్టాను.
చిత్రిక మర మళ్ళీ తిరిగింది, నల్లటి పొట్టు
రిబ్బన్లుగా ఊడి నా బూట్ల మీద పడింది.
"నీ వేలికున్న వేపుడు జిడ్డు చాలు, యెర్కో,
మూడేళ్ళకి ఈ అతుకు ఊడిరావడానికి."
పొద్దున తిన్నది ఎంపనాడా. ఆమెకెలా తెలిసిందో.

అటకామాలో గాలికి అడ్డం లేదు.
కొండలన్నీ ఉప్పు, లేదా తుప్పు;
చెట్టు అనే మాట వారాల తరబడి ఎవరికీ అవసరపడదు.
ఆ నేల మీద మసి కలిపిన ప్లాస్టిక్ గొట్టం,
మనిషి దూరి పాకగలిగేంత,
కింద సముద్రం నుంచి పైన రాగి గని దాకా.
పుట్టడం గింజలుగానే పుట్టింది,
మిరియాల్లాంటి గింజలు, బస్తాల్లో చూశాను.
మరలో కరిగి, అచ్చులోంచి జారి, చన్నీళ్ళలో మునిగి
పన్నెండు మీటర్లకొక ముక్కగా తెగింది.
ఆ తరవాతంతా మా పని.

టెంటులో పలక రెండు వందల ఇరవై డిగ్రీలు.
రెండు మొహాలూ దానికి ఆనించాం.
అంచు వెంబడి కరిగిన పెదవి ఉబ్బుకొస్తుంటే
ఆమె లెక్కపెడుతోంది, స్పానిష్‌లో కాదు,
అమ్మమ్మ లామాల్ని లెక్కపెట్టిన ఐమరాలో.
పలక లాగేసి, కలిపేదాకా పన్నెండు సెకన్లు.
ఆ టెంటులో ఊపిరి కూడా ఎక్కువే.

కలిశాయి.
అసలు పని అప్పుడు మొదలైంది: ఏమీ చేయకపోవడం.

ఇనుమైతే వేడిమీదే వంచాలంటారు.
ఈ నల్లదానికి ఆ సామెత పనికిరాదు.
దీన్ని పట్టుకుని కూర్చోవాలి, అంతే ఒత్తిడితో,
లోపలి వేడి తనంతట తాను దిగేదాకా.
నీళ్ళు చల్లకూడదు. విసరకూడదు. డెబ్బై నిమిషాలు.
పైన చెయ్యి పెడితే గోరువెచ్చన,
లోపల ఇంకా ఏ ఆకారమూ ఒప్పుకోని ముద్ద.

యాభై మూడో నిమిషంలో
ఎడువినా రేడియోలో ఎవరినో తిడుతూ బయటికెళ్ళింది.
చలి దిగుతోంది. క్యాంపులో సూపు వేళ.
బిగింపులు వదిలేశాను.

ఏమీ కాలేదు. అదే భయం.
అతుకు అతికినట్టే ఉంది,
రెండు పెదవులూ గుండ్రంగా, నున్నగా,
ఎవరి దగ్గరా ఏమీ దాచనట్టు.
తెల్ల పెన్నుతో నెంబరు రాశాను: నలభై ఒకటి.
పక్కనే నిమిషాలు: డెబ్బై.
ఆ సున్నాని రెండుసార్లు దిద్దాను.

రాత్రి గొట్టం మూలిగింది,
పగలు ఎండకి సాగిన బారెడూ వెనక్కి లాక్కుంటూ.
రోజూ వినేదే. ఆ రాత్రి మాత్రం
ప్రతి మూలుగూ ఒకే చోటి నుంచి వచ్చింది.

తెల్లారేసరికి ఆమె టెంటులో ఉంది.
మర కడుపులో ఒక కాయితం చుట్ట ఉంటుందని,
నిమిషాలు అది కూడా రాసుకుంటుందని
నాకెవరూ చెప్పలేదు.
తిట్టలేదు. రంపం చేతికిచ్చింది.
"నీ అతుకు. నువ్వే కొయ్యి."

మధ్యాహ్నం దాకా పట్టింది.
మూరెడు వెడల్పు చక్రం ఊడి
దొర్లి, దొర్లి, రాళ్ళల్లో పక్కకి ఒరిగింది.
దాన్నుంచి ఒక పట్టీ చెక్కి వంచి చూపించింది:
నడుమ ఒకచోట, వెంట్రుకంత సందు.
"చూశావుగా" అని కూడా అనలేదు.

ఇప్పుడా చక్రం క్యాంపు గుమ్మం పక్కనుంది.
తుయెర్కా అనే కుంటి కుక్క గాలి తగలకుండా
అందులో ముడుచుకు పడుకుంటుంది.
నల్లటి దాని మీద తెల్లటి రాత చెరగలేదు:
నలభై ఒకటి. డెబ్బై.

సముద్రం కొండెక్కడం మొదలైన రోజు
అతుకతుకు దగ్గరా చెవి ఆనించి నడిచాను.
జనం నవ్వారు.
నలభై. నలభై ఒకటి-బి.
అక్కడ కాసేపు ఎక్కువ నిలబడ్డాను.
లోపల నీళ్ళు
నన్ను పట్టించుకోకుండా వెళ్ళిపోయాయి.