కాటా కాడ

ఎర్రగుంట్ల రైల్వేగేటుకు ఇవతల
రేకుల కొట్టంలో చౌక దుకాణం.
కాటా పట్టేది నేను, మిషను పట్టేది డీలరు.
నెల మొదట్లో మనుషుల కంటే ముందు
చెప్పులూ సంచులూ వరసలో నిలబడుంటాయి.

దస్తగిరమ్మ వంతు వచ్చింది.
బొటనవేలు పెట్టింది. ఎర్రలైటు.
చూపుడువేలు. ఎర్రలైటు.
కొంగుతో తుడిచి, నోటి తడి తగిలించి,
తలనూనె అంటించి మళ్ళా పెట్టింది.
పది వేళ్ళూ అయిపోయినాయి.
"ఈ మనిషి ఈ మనిషి కాదంటాంది" అన్నాడు డీలరు,
నవ్వుతా కాదు, కసురుకుంటా కూడా కాదు,
ఈ ఏడు కూడా వాన రాదని చెప్పినట్టు.

ఇరవై రెండేండ్లు పాలిష్ ఫ్యాక్టరీలో
రాతి బురదలో నానిన చేతులవి.
బడిపిల్లోడు ఎంగిలితో తుడిచిన పలక మాదిరి
మళ్ళా ఎవురూ ఏమీ రాయల్యా వాటి మీద.

వరసలో లేడు గానీ అక్కడే ఉండాడు ఓబుళంరెడ్డి,
స్కూటర్ మీద ఒక కాలు, నేల మీద ఒక కాలు.
"ఊరికే పెడితే ఇట్లే ఉంటాది మ్మే.
పదారేండ్లకు గునపం పట్టినా నేను.
ఎవురూ గింజ పెట్టల్యా.
ఎవురి కడుపు వాళ్ళే చూసుకోవాల."
అబద్ధం కాదు. అరచేతుల్లో కాయలు ఇంకా ఉండాయి.
కానీ ఆ గునపం దిగిన గని ఎవురి నేలో,
మిషన్లు తిప్పిన కరెంటు ఎవురి తీగల మీద వచ్చిందో,
కామెర్లొచ్చిన ఏడు పెద్దాసుపత్రిలో
మూడు వారాలు ఏ మంచం మీద పండుకున్నాడో
ఆయన లెక్కలో కలవలా.
నేనూ కలపలా.
నాకు జీతమిచ్చే డీలరు ఆయన బామ్మర్ది.

దస్తగిరమ్మ ఏడవలా.
ఖాళీ సంచి నాలుగు మడతలు పెట్టి
కిందికి చూసింది.
వాకిలి దాకా పరిచినవి నాపబండలే.
"నా ముద్ర కావాలంటే సామీ,
మీ కాళ్ళ కింద ఎతుక్కోండి.
రెడ్డన్న ఇంట్లో అయితే పూజగదిలో కూడా ఉంటాది."

నేల మీది కాలు కొంచెం జరిగింది.
తెలిసి జరిపినాడో, బండ కాలి జరిపినాడో.
చెప్పులైతే వేసుకోనుండాడు.

ఎనక నిలబడిన సుంకులమ్మ
తన సంచిలోంచి రెండు శేర్లు వంచింది.
"బదులే లే, ఇస్తువు గానీ."
వంచేటప్పుడు చెయ్యి వణికింది.
దానింట్లో ఆరు కంచాలు.
ఆ రెండు శేర్లు ఎన్ని రోజులకొస్తాయో
ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ లెక్క కట్టలా.

మాపటికి దుకాణం ఊడుస్తా ఉంటే
రాలిన గింజల కింద బండ తళుక్కుమనింది.
చీపురు ఆపి వంగి చూసినా.
నా మొహమే కనపడింది, మసగ్గా.

డీలరు మిషనుకు చార్జింగ్ పెట్టి
"అది మాత్రం మర్చిపోగూడదు రా" అన్నాడు.