చింతగింజల పద్దు

రాయగడలో రైలుపట్టాలకి అవతల
దువ్వాన కామేశం షెడ్డు.
ఫ్యానుగాలికి కాగితాలు ఎగరకుండా
వాటి మీద చింతపండు ముద్ద పెట్టాడు.

ఫారం ఒడియాలో ఉంది.
లెక్క తెలుగులో చెబుతున్నాడు.
మధ్యలో నేను, పేజీకి పాతిక రూపాయల మనిషిని.

కొత్తది కనిపెట్టడానికి పెట్టిన ఖర్చులో
కొంత పన్నులోంచి కొట్టేస్తారట.
"మనం కనిపెట్టిందేటి బాబూ" అంటాడు కామేశం.
"చింతపండులో గింజ తీసే మిషను.
మూడేళ్లు పట్టింది.
అదీ సగం గింజలే తీస్తాది."

ప్రయోగశాల చిరునామా?
షెడ్డు వెనక, రేకుల కింద, అని రాశాను.
పరికరాలు?
పాత జీపు గేరుబాక్సు, ఆరు సైకిలు చైన్లు,
బావమరిది పెళ్లికని కొన్న గ్రైండరు మోటారు.
మోటారు సంగతి రాయకు అన్నాడు.

విఫలమైన నమూనాలెన్ని?
ఇక్కడ కాస్త ఆగాడు.
మొదటిది గింజతో పాటు పండునీ పిండి చేసింది.
రెండోది ఊరికే తిరిగింది, చప్పుడు మాత్రం ముచ్చటగా ఉండేది.
మూడోది ఎడమ చూపుడువేలి కొస పట్టుకుపోయింది.
నాలుగోదాన్ని పాత ఇనుము కింద తూకానికి వేసి
ఆ డబ్బుతో అయిదోదానికి బేరింగులు కొన్నాడు.
అది రాబడా, ఖర్చా?
ఇరవై ఏళ్లుగా పద్దులు రాస్తున్నాను.
ఓటమికి రశీదు అడిగిన కాగితాన్ని
ఇప్పుడే చూడటం.

పరిశోధకుల పేర్లు, అర్హతలు.
"దాలిమ పేరు రాయి."

మిన్యాక దాలిమ.
ఎండలు ముదిరాక కొండ దిగి వస్తుంది,
కిలోకి ఇంతని గింజ తీస్తుంది.
సుత్తి ఎంత వాలుగా పడితే
గింజ పండుని వదులుతుందో
ఆమె మణికట్టుని చూసి
సుద్దముక్కతో నేల మీద గీసుకున్నాడు.
ఏడు నెలలు గీశాడు.
ఏడు నెలలూ ఆమె నవ్వింది.
ఈ మిషను ఆ మణికట్టే, ఇనుముతో పోసింది.

డిగ్రీ, డిప్లమో, ఇతరములు.
ఇతరముల గడి గోరంత ఉంది.
ఏం రాయాలో తెలీక వదిలేశాను.

వచ్చే ఏడు నూటికి ఎన్ని గింజలు తీయగలదు?
ఇదే ఆఖరి ప్రశ్న.
"తొంభై వేస్తే మినహాయింపు ఎక్కువొస్తుంది"
నా వంతు సలహా నేను చెప్పాను.

కామేశం గుమ్మం వైపు చూశాడు.
మిషను వదిలేసిన సగాన్ని
ముందేసుకుని కూర్చుంది దాలిమ,
పక్కన ఇంకో పదకొండు మంది.
టక్, టక్, ఒక్కరి దెబ్బా ఇంకొకరితో కలవదు.

"అరవై రాయి" అన్నాడు.
సంతకానికి పెన్ను అందుకుని మళ్లీ,
"యాభై అయిదు చెయ్యి."

కొస లేని వేలితో కాగితాన్ని అదిమిపట్టి
సంతకం పెట్టాడు.
ముద్ద పక్కకి తీస్తే
అర్హతల గడి నిండా గోధుమరంగు మరక.
కొట్టివేత అనుకుంటారు, మళ్లీ రాస్తానన్నాను.
ఉండనీ అన్నాడు.
నాకు రావలసిన పాతిక
జిగురు చేత్తోనే లెక్కపెట్టి ఇచ్చాడు.