తలకిందులైన అక్షరం

భీమిలి డచ్చివాళ్ళ ప్రకటనట,
కోటవీధిలో అద్దం కట్టి పెట్టారు.
సూరప్పడికి ఆ భాష రాదు.
నలభై ఏళ్ళు సీసం కూర్చిన వేళ్ళకి మాత్రం తెలుసు
మొదటక్షరం అంత లావెందుకో:
చదవడానిక్కాదు,
భుజమ్మీది తువ్వాలు చంకలోకి దింపడానికి.

ఆజ్ఞలన్నీ ముళ్ళకంచె. దొరల పేర్లు నిటారుగా.
అడుగున ఊరివాళ్ళ సంగతి కాబోలు, చీమలబారు.

తనూ కూర్చాడొకప్పుడు
జాలరిపేట గోడలకి,
‘ఖాళీ చేయవలెను’, జానెడెత్తున.
చదువురాని పోలమ్మ
ఆ నలుపు చూసే గంప సర్దుకుంది.

అద్దానికి ముక్కానించాడు.
మూడో వరసలో ఒకక్షరం కాళ్ళు పైకెత్తి ఉంది.
ఏ కుర్రాడో, దీపం కొండెక్కే వేళ.

నవ్వొచ్చింది.
ఆ తప్పుతోనే
శిస్తు వసూలయ్యే ఉంటుంది.