చక్కెర పొర

మొదటి తలుపు కాడ చెమట.
రెండో తలుపు కాడ కండ్లద్దాలు తెల్లవడ్తయి.
మూడోది తెరిస్తే మైనస్ నాలుగు.
వెనుక, అల్ బర్షాల ఆగస్టు నెల.
రాత్రి ఒంటిగంటకు సుత
బస్సు కడ్డీ పట్టుకుంటే చెయ్యి చుర్రుమన్నది.

జనం పోయినంక మా పని.
కప్పు కింది గొట్టాలు సన్నగ ఉమ్ముతుంటయి.
పిండి జల్లెడ పట్టినట్టు
పిల్లల బూట్ల గుర్తుల మీద తెలుపు రాలుతది.
ఏడుగురం అంచులు సరిజేస్తం.
పార కొత్తదేం గాదు,
నాలుగేండ్ల కింద జబల్ అలీల ఇసుకెత్తిన పార లాంటిదే.
పిడి మాత్రం ఇక్కడ చేతికి అంటుకుంటది.

బషారత్‌ది టంగ్‌మార్గ్.
వాళ్ల కొండ మీద మంచు కరిగిన నెలల్ల
ఇక్కడికొచ్చి పొట్టవోసుకుంటడు.
పని మొదలువెట్టే ముందు
కర్రతోటి వాలును పొడిచి, మోకాళ్ల మీద కూసొని
చూడి బర్రె కడుపుకు చెవివెట్టినట్టు వింటడు.
"కింద కాంక్రీటు, మీద రేకు. ఏం కూలుతది భాయ్?"
నవ్వినం.
"వాలు వాలే" అన్నడు.

మా కోరుట్ల దిక్కు మంచు అంటే
పెసరచేన్ల నడిస్తే పిక్కలకు అంటేది,
పొద్దెక్కినంక ఎటువోయిందో ఎవరూ అడగనిది.
తడికి, పొగకు, గడ్డకు మాకు ఒకటే మాట.
"ఒక్క మాటతోటి చలికాలం ఎట్ల దాటుతరు?" అన్నడు.
"మా చలికాలమే రెండు నెలలు" అన్న.

చాయ్ టైముల టిఫిన్ మూత బోర్లేసి
దాని మీద ఖుబ్బూస్ ముక్క పెట్టి వంచిండు.
కదల్లేదు.
ముక్క కింద చారెడు చక్కెర చల్లి
మళ్ల వంచిండు.
జర్రున వచ్చి నా ఒళ్లె పడ్డది.
"మొగులు లేని రాత్రులల్ల, చలి ముదిరితే
అడుగు మంచు ఇట్ల చక్కెరైతది.
దాని మీద కొత్తది వడ్తది, నున్నగ, సక్కగ.
ఇగ ఒక్క కాలు చాలు."

వాళ్లూళ్లె మసకవడంగనే
ఇంటింటికి తలలు లెక్కవెడ్తరట.
కట్టెలకు పోయినోడు,
షోకు దొరల వెంట స్కీలు మోసుకుంట పోయినోడు.
లెక్క తప్పితే
కాంగ్డీలు ఒళ్లెకెళ్లి దించి పారలందుకుంటరట.
మీద వడ్డదా, చేతులు మూతికి అడ్డం పెట్టుకోవాలె,
ఊపిరికి గుప్పెడు జాగ.
అటెన్క ఉమ్మాలె.
ఉమ్మి ఎటు జారితే అటు భూమి.
తవ్వుకునేది రెండో దిక్కు.

నా చాయ్ మీద మీగడ కట్టింది.
"ఇసుకల సుత అంతే" అన్న.

పైపుల గుంత, రెండు నిలువుల లోతు.
ఒడ్డున పైపులు పేర్చి పెట్టిండ్రు.
పైన పెచ్చు. అడుగున పొడి.
లింబాద్రి జారిపోయిన బీడి కోసం ఒంగిండు.
సప్పుడు సుత పెద్దగ రాలే,
తాడు తెగిన టెంటు గుడ్డ కిందికి కూసున్నట్టు, అంతే.
పారలు పారేసి గోర్లతోటి తోడినం,
తల ఎక్కడుందో, ఎక్కడ తగుల్తదో అని.
దొరికినప్పుడు వాని చేతులు మూతికి అడ్డమున్నయి.
వానికెవరు నేర్పిండ్రు?

బతికిండు.
ఇప్పుడు సోనాపూర్ల నా కింది మంచం వానిదే.
లైటు తీయనియ్యడు, దుప్పటి మొకం మీదికి రానియ్యడు.
ఈ పనికి రమ్మంటే
"తెల్లగుంటే ఇసుక గాదా?" అంటడు.

మూడున్నరకు గొట్టం కాడ పేరుకున్న గడ్డ
ఊడి దబ్బున వడ్డది.
గుమ్మడికాయంత.
ఇద్దరం ఒకటే దిక్కు దుంకినం, చేతులు మూతి మీదనే.
పోరగాళ్లు పడి పడి నవ్విండ్రు.
మేం సుత నవ్వినం, జర ఆలిశంగ.
బషారత్ నవ్వుకుంటనే
వేలు ఆడిచ్చుకుంట లెక్కవెట్టిండు. ఏడు.
మళ్లొకసారి. ఏడు.

తెల్లారి, మీసాల మంచు
పార్కింగ్ దాటకముందే నీళ్లైంది.
బస్సెక్కి, వెనుక సీటు నుంచి
ఒక్కొక్క తల లెక్కవెట్టుకుంట ముందుకు వచ్చిన.
ఎనిమిది.
డ్రైవర్‌ను సుత కలిపిన.