సగం చేను

నవంబరు పదిహేను, రాత్రి పన్నెండు లోపల
అని ఎర్రగా ఉంది ఫారం పైన.
ఇంకా రెండు రోజులుంది.
టంగుటూరు నెట్ సెంటర్లో మూడు కాగితాలు తీయించుకొచ్చాను
పేజీకి ఐదు రూపాయల లెక్కన.
సంచిలో పొగనారుకి కొన్న మందు డబ్బా పక్కన పెడితే
మూడో కాగితానికి ఆ వాసన పట్టింది.

మూడో కాగితమే అసలుది.
"సీటిస్తే చేరి తీరతాను.
మరే కాలేజీకీ రాయను. రాసుంటే వెనక్కి తీసుకుంటాను."
కింద రెండు గీతలు. ఒకటి నాది, ఒకటి నాన్నది.
ఫీజులో ఎంత తగ్గిస్తారో మాత్రం
సీటొచ్చాకే చెప్తారట.

ఆ కాలేజీయే ఎందుకంటే
మస్తాన్‌బీ టీచరుకి నేను చెప్పిన కారణాలు వేరు.
ల్యాబులు, లైబ్రరీ, చదివెళ్లినవాళ్ల ఉద్యోగాలు.
అసలు కారణం ఒక సొరుగు.
జూన్‌లో చూడ్డానికి వెళ్లినప్పుడు
రాళ్ల గదిలో ఒకాయన, పేరైనా చెప్పలేదు,
చెక్క సొరుగు లాగి
నల్లరాయి ముక్క నా అరచేతిలో పెట్టాడు.
నలుపులో బంగారు నలకలు.
చీటీ మీద పొందికైన అక్షరాల్లో: చీమకుర్తి.
మా మేనమామ లారీ తోలే దారి.
మా బోరు దగ్గర బట్టలుతికే బండ.
"ఈ మెరుపు ఎందుకొచ్చిందో చెప్పగలవా?" అన్నాడు.
చెప్పలేకపోయాను.
ఐదు నెలలుగా చెప్పలేకపోతూనే ఉన్నాను.
ఎక్కడో చెప్పులు మరిచి వచ్చినట్టు
కాళ్లు అటే లాగుతున్నాయి.

చెంచమ్మ అంటుంది, ఆగవే,
మార్చిలో నాలుగు సీట్లు చేతిలో పెట్టుకుని
ఎవరెంత తగ్గిస్తారో చూసి ఎంచుకో,
వంకాయల దగ్గరే బేరమాడతాం గదా.
అదీ నిజమే.
మస్తాన్‌బీ టీచరు అంటారు, ముందు రాసినవాళ్లకి
తలుపు కాస్త వెడల్పుగా తెరుస్తారమ్మాయ్.
అదీ నిజమే.
రెండు నిజాల మధ్య నాకు నిద్ర లేదు.

నాన్నకి అర్థమయ్యేలా చెప్పాలని వేలం మాట ఎత్తాను.
"మొదటి రోజే బేలు తీసుకెళ్లడం లాంటిది నాన్నా.
అక్కడైతే ధర నచ్చకపోతే ఇంటికి తెచ్చుకుంటాం.
ఇక్కడ ధర తెలియకముందే సరే అనాలి."
నారు కట్టల మీద తడిగోతం కప్పుతూ విన్నాడు.
చాలాసేపు ఏమీ అనలేదు.
"నువ్వు బేలువనుకుంటున్నావా?
కొనేదానివి గదమ్మా.
తొందరపడితే జేబుకి చిల్లు,
ఆలస్యమైతే మంచి ఆకు పక్కోడికి.
చూసుకో."

వాయుగుండం అంటున్నాయి ఫోన్లన్నీ.
నాటాక వాన కొడితే మొక్క కుళ్లుద్ది,
ఆగితే నారు ముదురుద్ది.
పోయినేడు రెండుసార్లు నాటాం.
ఆ అప్పు చీటీ ఇంకా పటం వెనకే ఉంది.
నాన్న సగం చేను నాటాడు, సగం ఆపాడు.
అదేం లెక్కని అడిగితే
"కూలీలు అంతమందే దొరికారు" అన్నాడు.

నా ఫారంలో సగం గడి లేదు.
వెతికాను.

రాత్రి గాలికి కరెంటు పోయింది.
ఫోను వెలుగులో తన గీత మీద సంతకం పెట్టాడు నాన్న,
పొగాకు బోర్డు పుస్తకంలో పెట్టేదే,
చివర తోక సాగదీసి: మాలకొండయ్య.
వేలి మట్టికి "య్య" కొంచెం మసకైంది.
"నీది పెట్టు, పెట్టకపో.
నా వైపు ఆలస్యం లేదు."

అప్పుడు తెలిసింది.
ఇన్నాళ్లూ ఆయన గీత ఖాళీగా ఉంది గదా అని
దాని నీడన నేను కూర్చున్నాను.

తెల్లారి వాన తెరిపిచ్చింది.
సగం చేలో మొక్కలు తలలు వాల్చి ఉన్నాయి,
బతికాయో లేదో మధ్యాహ్నానికిగానీ తెలీదు.
బోరు దగ్గర కాళ్లు కడుక్కుంటే
కింద బండ, రోజూ చూసేదే,
తడికి ఇంకా నల్లబడి
లోపల నలకలు వెలిగాయి.
ఎందుకొచ్చిందీ మెరుపు?

పెన్ను ఇంట్లో ఉంది.
పరిగెత్తలేదు.
నడిచే వెళ్లాను.