మంచుకు ముందర

శనగ విత్తనం పడినంక
బండి మాట ఎత్తగూడదని మా యింట్లో ఒప్పందం.
అందుకే ఆ పొద్దు మద్దిలేటి
మాట ఎత్తకుండా పానాలు ఎత్తినాడు.

జమ్మలమడుగులో వేలానికి పెడితే కొన్న
పాత ఆంబులెన్సు అది.
ఎర్ర కూడిక గుర్తు మీద మూడు కోట్లు నీలం రంగేసినా
ఎండ ఏటవాలుగా పడితే
మానిన గాయం మాదిరి పైకి తేలుతుంది.
లారీలు ఇప్పటికీ పక్కకు జరుగుతాయి.
రోగి పడుకున్న తావులో
మేమిద్దరం, ఒక గ్యాసు పొయ్యి, ఒక రేడియో.
పెద్దముడియంలో దాని పేరు
సుంకులమ్మోళ్ళ చావని బండి.

మా నేల నల్లరేగడి.
నాలుగు నెలలు ఒకే చోట నిలబడితే
దేన్నయినా తనదే అనుకుంటుంది.
అందుకని చక్రాల కింద నాలుగు నాపరాళ్ళు.
ఆయన జాకీ తిప్పుతాంటే నేను రాయి తోస్తా.
"ఇంగ రవ్వంత" అంటాడు.
రవ్వంత అంటే ఎంతో
ఇరవై ఆరేండ్లయినా నాకు తెలీలేదు.

బ్యాటరీ విప్పి
వంటింట్లో, బియ్యం డ్రమ్ము పక్కన, పలక మీద పెట్టినాం.
సైలెన్సరు నోట్లో గోనెగుడ్డ కుక్కినాం.
పోయినేడు ఎలుకొకటి దూరి
రోడ్డు పటంలో బళ్ళారి నుంచి బెళగావి దాకా తినేసింది.
ఈ యేడు అందుకే ఆ దారిన పోయినాం,
ఉందో లేదో చూడ్డానికి.
ఉంది. బాగుంది.

ఫ్రిజ్జు తలుపు మూసుకోకుండా
జొన్నకంకి అడ్డం పెట్టినా.
పరుపు ఎత్తితే
గోకర్ణం ఇసుక గుప్పెడు, అరటికాయ చిప్స్ రేకు,
రేకు సందులో
నాది కాని తలపిన్ను ఒకటి.
ఆంబులెన్సు కాలం నాటిదేమో.
ఆ యమ్మ ఇంటికి చేరిందో లేదో.
పారేయబుద్ధి గాలేదు.
తుడిచి, మళ్ళా అదే సందులో పెట్టినా.

ట్యాంకు మర తిప్పబోతాంటే
ఉండు అన్నా.
అడుగున ఇంకా ఉండాయి
సముద్రం పక్క కుళాయిలో పట్టుకున్న నీళ్ళు.
వింత జూడు:
సముద్రం వొడ్డున నీళ్ళు తియ్యగుండె,
సముద్రం మొగమే చూడని మా బోరు నీళ్ళు ఉప్పు.
ఒక చెంబెడు కాచి టీ పెట్టినా.
ఇద్దరం నాపరాయి మీద కూచోని
ఆ ఊరిని ఆఖరుసారి తాగినాం.
మిగిలింది నెర్రె తాగింది,
ఏ ఊరివని అడగకుండా.

ఇంగ మంచు పడాల.
శనగకు అదే వాన.
ఆకు మీద నిలిచిన పులుపు కోసం
తెల్లారుజామున చేనంతా తెల్లగుడ్డ పరిచి
గిన్నెలోకి పిండేది మా అత్త.
అదే మంచు బండికి తుప్పు.
ఒక కంటితో రమ్మని, ఒక కంటితో వద్దని
ఆకాశం దిక్కు ఎట్ల చూసేది?

చిన్న హుసేని వచ్చి టార్పాలిన్ కప్పి
తాళ్ళు బిగించి పోయినాడు.
"శివరాత్రి దాకా ఈ ముడి ఇప్పగూడదు మామా"
అని రెండుసార్లు చెప్పినాడు,
రెండోసారి నా దిక్కు చూస్తా.
పొట్టు నింపిన దిష్టిబొమ్మ మాదిరి
పెరట్లో లావుగా నిలబడింది బండి.
మద్దిలేటి దాని పక్క చూడకుండా
పురుగుమందు లెక్క రాసుకున్యాడు.
నేను తాళంచెవి
విత్తనాల డబ్బాలో దాచినా.
యాడ పెట్టినావని ఆయన అడగలే.
అప్పుడే అనుమానం రావల్సింది.

నాలుగో రాత్రి మెలకువొస్తే
మంచంలో పక్కన ఖాళీ.
పెరట్లో సన్నగా రేడియో,
కన్నడంలో ఎవరో ధరలు చదువుతాండారు.
లేచి వంటింట్లో చూసినా.
బియ్యం డ్రమ్ము పక్కన
పలక మాత్రం ఉంది.

దుప్పటి ఒకటి చంకన పెట్టుకోని
బయటికొచ్చినా.
చెప్పుల్లేని కాళ్ళకు
చల్లగా తగిలింది మొదటి మంచు.

మంచిదేలే,
చేనికి.